తుడిచిన మూల

పద్మప్రియ మొదట్లో కొన్న బొమ్మలన్నీ ఇప్పుడు మేడమీది గదిలో గోడవైపు మొహం తిప్పుకొని ఉన్నాయి. బిందెలు మోసే ఆడవాళ్ళు, ముక్కుపుడక పెట్టుకున్న పిల్ల, పొద్దుపొడుపు వెలుగులో ఎద్దులు. అనంతపురంలో కొత్త ఇల్లు కట్టుకున్నారు, గోడలు పెద్దవి, భర్త భరత్‌కు గ్రానైట్ వ్యాపారం బాగా సాగుతోంది. ఖాళీ గోడ కనిపిస్తే ఏదో ఒకటి తగిలించాలనిపించేది ఆమెకు.

ఆ అలవాటు మాన్పించింది బెంగళూరులో గ్యాలరీ నడిపే హేమావతి.

"మీరు సోఫా రంగుకు సరిపోయే బొమ్మ కావాలంటున్నారు మేడమ్. అంటే మీక్కావలసింది బొమ్మ కాదు, ఇంకో సోఫా," అంది మొదటి పరిచయంలోనే.

పద్మప్రియకు మొహం మాడిపోయింది. అయినా మళ్ళీ వెళ్ళింది. బెంగళూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట గ్యాలరీలో గడపడం మొదలుపెట్టింది. ఇప్పటి కళను చూడగానే 'ఇదేం బొమ్మ' అని అడగకూడదని నేర్చుకుంది. ముందు దేంతో చేశారో చూడాలి. ఎవరు చేశారో, ఎక్కణ్ణుంచి వచ్చారో తెలుసుకోవాలి. నచ్చకపోయినా కాసేపు ఎదురుగా నిలబడాలి. కొనేవాళ్ళ పని డబ్బు ఇవ్వడంతో అయిపోదని, అక్కడే మొదలవుతుందని హేమావతి అంటూ ఉండేది. ఆ మాట పద్మప్రియకు చాలా ఇష్టం. వంటా, ఇల్లూ, భర్త రాజకీయ స్నేహితులకు కాఫీలూ కాకుండా తనకంటూ ఒక పని ఉన్నట్టుండేది.

అలా కొన్నదే 'సాయంత్రం'.

మనిషంత ఎత్తు, పెద్ద మంచమంత వెడల్పు గుడ్డ. దాని మీద ఎర్రమన్నును చింతగింజల జిగురుతో కలిపి మందంగా పూశారు. ఆ ఎరుపు మీద అడ్డంగా, వరుసగా, తెల్లటి చిందులు. విసనకర్రల్లా విచ్చుకొని, అట్లాగే ఎండిపోయిన మరకలు. అంతే, ఇంకేం లేదు. పక్కన చీటీలో 'ఎర్రమన్ను, వేరుశనగ పాలు, నీళ్ళు, గుడ్డ' అని, కింద 'జాయ్' అని ఉంది.

"మీ జిల్లా అమ్మాయే. బెళుగుప్ప వైపు," అంది హేమావతి.

పద్మప్రియ అత్తవారి ఊరూ అటువైపే. ఏ ఊరమ్మాయో అడుగుదామనుకుంది. బొమ్మ మీది నుంచి చూపు తిప్పుకోలేక ఆ సంగతే మరిచిపోయింది.

ఇంటికి తెచ్చి హాల్లో కిటికీకి ఎదురు గోడకు పెట్టించింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొని దాని ముందు కూర్చునేది. రోజులు గడిచేకొద్దీ ఆమెకు అందులో వాన కనిపించసాగింది. మబ్బు పట్టి, నాలుగు చినుకులు రాల్చి, నేల తడవకముందే తరలిపోయే ఈ సీమ వాన. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది, "ఇది మన రాని వాన" అని.

"మా బాత్రూం గోడకు చెమ్మ పడితే అచ్చం ఇట్లనే ఉంటాది పద్మా. మాకెవురూ దుడ్డియ్యల్యా," అని నవ్వింది పక్కింటి భారతి.

"మన సేను నిండా మన్నే గదా! చెప్పుంటే ట్రాక్టరుతో తోలిస్తుంటిని," అన్నాడు భరత్.

పద్మప్రియ నవ్వి ఊరుకుంది. వాళ్ళకు చూడ్డం రాదు, తనకు వచ్చు అనుకుంది.

ఎండాకాలం మొదట్లో హేమావతి ఫోన్ చేసింది. కొచ్చిలో పెద్ద ప్రదర్శన జరగబోతోంది. జాయ్‌కు అందులో ఒక గది ఇస్తున్నారు. ఆ గదికి 'సాయంత్రం' ప్రాణం. కొన్నాళ్ళు అరువిస్తారా?

"ఆ అమ్మాయికి ఇది చాలా పెద్ద మెట్టు మేడమ్. ఇది లేకపోతే ఆ గదే ఇవ్వరేమో. ప్రదర్శన పుస్తకంలో మీ పేర్లు కూడా వేస్తారు, ఎవరి సేకరణలోదో."

భరత్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. జిల్లా పరిషత్ టికెట్టు కోసం తిరుగుతున్నాడు అప్పుడు. "ఏయించు, ఏయించు. పొద్దస్తమానం క్వారీ భరత్, క్వారీ భరత్ అంటారు నా కొడుకులు. కళాపోషకుడని కూడా తెలియనీ."

ఆ వారంలోనే అత్తగారు బయమ్మ ఊరి నుంచి వచ్చింది, కంటి ఆపరేషన్‌కు. ఆపరేషన్ అయ్యి, కట్టు విప్పి, నల్ల కళ్ళజోడు పెట్టుకొని హాల్లో దివాన్ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం కళ్ళజోడు పైకెత్తి గోడవైపు తేరిపార చూసింది.

"ఇది మన వాకిలి గదా పద్మా?"

"వాకిలి కాదత్తా, బొమ్మ."

"బొమ్మేలే. మన వాకిలి బొమ్మ. ఇత్తనం కాయలు ఒలిచిన పొద్దు మాపటేళ ఆడోళ్ళు ఉమ్మింది. ఎవురు చేసినారో గానీ ఉన్నదున్నట్ల చేసినారు."

పద్మప్రియకు అర్థం కాలేదు. బయమ్మ తీరిగ్గా కాళ్ళు పైకి పెట్టుకొని చెప్పింది.

"ఇత్తనానికని పెట్టుకున్న చెనక్కాయలు గదా. ఒలుస్తా ఒలుస్తా కూలోళ్ళు నోట్లో ఏసుకుంటాండ్రి. కడుపు కాల్తాంటే ఏం చేస్తారు? మీ మామ ఊరుకునే మనిషా! మాపటేళకు అందర్నీ వాకిట్లో వరసగా నిలబెట్టి తలా చెంబెడు నీళ్ళు ఇప్పిస్తాండె. పుక్కిలించి ఉమ్మల్ల. నీళ్ళు తెల్లగా పడినాయా, తిన్నట్ల. ఆ పొద్దు కూలి ల్యా. ఎర్రమన్ను గదా, తెలుపు బాగా కనపడతాది. మీ మామకు భలే తెలివిలే."

చివరి మాట మురిపెంగానే అంది. తర్వాత మజ్జిగ అడిగింది.

పద్మప్రియ వంటింట్లోకి వెళ్ళి మజ్జిగ చిలుకుతూ నిలబడిపోయింది. పెళ్ళయిన మొదటి ఏడు, ఏరువాకకు ముందు, విత్తనం వేరుశనగ ఒలిచిన రోజు తానూ ఆ దృశ్యం చూసింది. అరుగు మీద మామ బయ్యన్న కుర్చీ వేసుకొని ఉన్నాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పుక్కిలించి ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకొని పక్కకు జరిగారు. పొద్దంతా దుమ్ములో కూర్చున్నారు కదా, నోరు కడుక్కొని ఇళ్ళకు పోతున్నారనుకుంది. ఈ ఇంట్లో కూలివాళ్ళకు కూడా ఎంత శుభ్రమోనని పుట్టింట్లో గొప్పగా చెప్పింది. ఉమ్మిన చోట చీపురు వేయబోతే, "ఉండనీ, మీ మామ చూడల్ల," అని ఎవరో ఆపారు. ఎందుకు చూడాలో ఆమె అడగలేదు.

ఇప్పుడు అదే మరకను డబ్బిచ్చి కొని, గోడకు పెట్టుకొని, రాని వాన అని ఊరందరికీ చెప్పింది.

భరత్ ఇంటికి రాగానే విషయం చెప్పింది. అతను చొక్కా గుండీలు విప్పుకుంటూ ఆగిపోయాడు.

"అమ్మ చెప్పిందా? నాకు తట్టనే ల్యా సూడు. సిన్నప్పుడు నేనూ చూసినా."

"చూసీ…"

"చూసి ఏం చేయల్ల? పిల్లోన్ని. మా నాయన్ను అడిగేంత మగాడున్న్యాడా ఆ ఊర్లో?" కుర్చీలో కూలబడ్డాడు. "అది గాదు పద్మా. ఆ పిల్లది ఏ ఊరు? మా ఊరిదే అయ్యుంటాది. రేపు పుస్తకంలో రాస్తాది, పేపరోళ్ళకు చెప్తాది. కింద మన పేరు. టికెట్టు టైములో నా ఎదురుపార్టీ వాళ్ళకు ఇంగేం కావల్ల? మన దుడ్డు పెట్టి మన మొగాన మనమే ఉమ్మించుకోవాల్నా? కుదరదని చెప్పేయ్."

"కారణం అడుగుతారు కదండీ."

"నీ వస్తువు, నీ ఇష్టం. కారణమేంది!"

నిజమే, అంతే చెప్పి ఉండొచ్చు. కానీ కొన్నవాళ్ళ పని కొన్న తర్వాతే మొదలవుతుందన్న మనిషికి, ఇష్టం లేదు ఇవ్వను అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. హేమావతి దృష్టిలో మళ్ళీ సోఫా మనిషి కావడం ఇష్టం లేదు. మర్నాడు ఫోన్ చేసి, ఎప్పుడో భారతి వేళాకోళంగా అన్న మాటనే వాడుకుంది.

"చెమ్మ తగిలింది హేమావతిగారూ. ఒక మూల పాడైంది. పంపడానికి పనికిరాదేమో."

"అయ్యో! ఫోటో పంపండి మేడమ్, చూస్తాను."

ఫోన్ పెట్టేశాక పద్మప్రియ బొమ్మ ముందు నిలబడింది. ఎక్కడా చిన్న పెచ్చు కూడా లేచి లేదు. అత్తగారు లోపల గదిలో నిద్రపోతోంది. భరత్ క్వారీకి వెళ్ళాడు. వంటింట్లోంచి పాత నూలు గుడ్డ తెచ్చి నీళ్ళలో ముంచి పిండింది. కింద ఎడమవైపు మూలన ఒక తెల్ల మరక ఉంది, చివరి మనిషిది. దాని మీద అద్దింది. ఏం కాలేదు. గట్టిగా రుద్దింది. మన్ను కరిగి గుడ్డకు అంటింది. దానితో పాటు తెలుపూ వచ్చింది, పచ్చి వేరుశనగ వాసన కూడా. ఇంకా రుద్దింది. మరక ఉన్నచోట గుడ్డ నేత బయటపడింది.

ఫోటో తీసి పంపి, చేతులు సబ్బుతో కడుక్కుంది. గుడ్డను చెత్తబుట్టలో అడుక్కు తోసింది. ఇది దొంగతనం కంటే ఎక్కువో తక్కువో ఆమెకు తేలలేదు. తన వస్తువే కదా. తన వస్తువే.

హేమావతి జవాబు గంటలోనే వచ్చింది. "కంగారు పడకండి. జాయ్‌తో మాట్లాడాను. ఇప్పుడు తన సొంత ఊళ్ళోనే ఉందట. రేపు తనే వచ్చి బాగుచేస్తుంది. ఇలాంటివి చేసినవాళ్ళే బాగుచేయాలి."

మర్నాడు పదకొండింటప్పుడు ఆటో ఆగింది. పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకొని, భుజాన సంచితో దిగింది జాయ్. వెనక ఒక పెద్దామె, చంకలో చిన్న మూటతో.

"మా అమ్మ, నల్లమ్మ," అంది జాయ్. "ఆ మూలది అమ్మ చేసిందే మేడమ్. నేను మన్ను పూస్తా గానీ, మరక అమ్మే చేయల్ల. అందుకని తోడుకొస్తి."

పద్మప్రియ గుమ్మంలోంచి పక్కకు జరిగింది. లోపలికి రమ్మంది. నల్లమ్మ గుమ్మంలోంచి హాల్లోకి చూసి, దివాన్ మీద ఉన్న మనిషిని పోల్చుకొని అక్కడే నిలబడింది.

"పెద్దమ్మా, నువ్వేనా? కండ్లకేమాయె?"

"ఎవురే అది?"

"నేనే, కొండప్ప పెండ్లాన్ని."

"నల్లమ్మా! పొర వచ్చిందంటే తీసినార్లే. ఈ పొడుగు పిల్ల నీ కూతురా? ఎప్పుడింత ఆయె?"

"నీ వాకిట్లో పొర్లాడిందే గదా పెద్దమ్మా. పెరగద్దా మరి!"

ఇద్దరూ నవ్వారు. నల్లమ్మ ఎవరూ చెప్పకుండానే గోడవారగా నేల మీద కూర్చుంది. జాయ్ మాత్రం నిలబడి బయమ్మను చూసింది, గోడ మీది తన బొమ్మను చూసింది, చివరికి పద్మప్రియను చూసింది.

"మీరు బయ్యన్న ఇంటి కోడలా?"

"అవును."

"హేమావతి మేడమ్ చెప్పల్యా."

"ఆమెకు తెలీదు. నాకూ… మొన్నటిదాకా తెలీదు."

జాయ్, పద్మప్రియ కలిసి బొమ్మను దించి, నేల మీద దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టారు. జాయ్ మోకాళ్ళ మీద కూర్చొని మూల మీదికి వంగింది. వేలితో నేతను తాకి చూసింది.

నల్లమ్మ ఈలోగా మూట విప్పి చెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. గింజలు గుప్పెడయ్యాక నోట్లో వేసుకొని నమిలింది. "నీళ్ళు తేమ్మా," అంది ముద్ద మాటతో.

పద్మప్రియ నీళ్ళు తెచ్చింది. ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చింది. వద్దందామనుకుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి.

నల్లమ్మ నీళ్ళు నోట్లో పోసుకొని బుగ్గలు ఉబ్బించి ముందుకు వంగింది. దివాన్ మీద బయమ్మ కళ్ళజోడు తీసేసి, తనకు తెలియకుండానే మెడ చాపి, నల్లమ్మ నోటివైపే చూస్తోంది. తెల్లగా పడుతుందా లేదా అని చూసే చూపు.

నల్లమ్మ ఆ చూపును చూసింది. బుగ్గలు అట్లాగే ఉన్నాయి. తర్వాత గొంతు కదిలింది. మొత్తం మింగేసింది.

"ఏమ్మా?" అంది జాయ్.

"నాకు రాదు పాపా ఈడ." కొంగుతో మూతి తుడుచుకుంది. "మన ఇంటికాడ నీ కోసం ఉమ్మినా. నేనూ, ఓబులమ్మా అందరం నవ్వుకుంటా ఉమ్మితిమి. ఈడ ఈయమ్మ చూస్తాంటే…" ఇంకో గుప్పెడు గింజలు తీసుకొని నోట్లో వేసుకుంది. ఈసారి నిదానంగా, చప్పుడు చేస్తూ నమిలింది. "తింటా గానీ ఉమ్మను. ఏమనుకుంటావో అనుకో పెద్దమ్మా."

"నేనేమంటినే! తిను," అంది బయమ్మ, కొంచెం తడబడి.

జాయ్ మూలనుంచి తలెత్తింది.

"ఇది చెమ్మ కాదు మేడమ్. ఎవురో తడిగుడ్డతో తుడిచినారు."

పనమ్మాయి అని చెప్పడం ఎంత తేలికో పద్మప్రియకు ఆ క్షణంలో తెలిసింది. అటువంటివి రోజూ జరిగేవే, జాయ్ నమ్ముతుంది కూడా. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. నేల మీద కూర్చొని గింజలు నములుతున్న మనిషి ముందు అది బయటికి రాలేదు.

"నేనే తుడిచాను."

"ఎందుకు?"

"పంపకుండా ఉండాలని."

నల్లమ్మ నమలడం ఆపింది. జాయ్ కళ్ళజోడు తీసి, కుర్తా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కోపం వచ్చిందో లేదో తెలియలేదు. వచ్చి ఉంటే పద్మప్రియకు కొంచెం తేలికయ్యేది.

"మీరు వద్దంటే ఇది పోదు మేడమ్. నేను అమ్మేసినా, మీది. నేనేమనేదానికీ లేదు. ఇస్తారంటే చెప్పండి. నేనిది బాగుచెయ్యను. ఇట్లనే తీసుకపోతా. చీటీలో మాత్రం మార్చి రాస్తా. ఎర్రమన్ను, వేరుశనగ పాలు, నీళ్ళు, గుడ్డ, కొన్నామె తుడిచిన మూల."

పద్మప్రియ ఆ మూలవైపు చూసింది. ఇన్నాళ్ళూ తాను చూస్తున్నాననుకున్న బొమ్మలో నిజంగా తనకు తెలిసిన భాగం అదొక్కటే.

"తీసుకుపో," అంది.

"పేరు?"

"ఏం పేరు?"

"ఎవరి సేకరణ అని పుస్తకంలో వేస్తారు. మీ పేరు వేయించాల్నా?"

జవాబు బయమ్మ నుంచి వచ్చింది. "ఏయించకుండా ఎట్ల? మా ఆయన పేరే ఏయించండి. వాకిలి ఆయనది గదా. బయ్యన్నగారి వాకిలి అని రాయి పాపా."

నల్లమ్మ పకపకా నవ్వింది. "రాపిచ్చు పెద్దమ్మా. ఆయప్పను మరిచిపోయినోళ్ళు మాలో ఎవురుండారు!"

ఎగతాళి అని బయమ్మకు తెలియలేదు. సంతోషంగా తల ఊపింది.

జాయ్ పద్మప్రియనే చూస్తోంది. వేయించు, నా పేరు వేయించు, అనాలి. అనాలని ఆమెకు తెలుసు. భరత్ టికెట్టు గుర్తొచ్చింది. భారతి మొహం గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళలో చుట్టాలు పక్కకు తిరిగి చెప్పుకొనే మాటలు వినిపించాయి. 'కొన్నామె తుడిచిన మూల' పక్కన తన పేరు అచ్చులో కనిపించింది.

"పేరు వద్దు జాయ్. ఒక సేకరణ నుంచి అని… అంతే వేయించు."

"సరే మేడమ్," అంది జాయ్ మామూలుగా. "చానామంది అట్లే అడుగుతారు."

బొమ్మకు ఆ దుప్పటే కప్పి, తాడు కట్టి, జాయ్, పద్మప్రియ చెరోవైపు పట్టుకొని, పిలిపించిన సామాన్ల ఆటోలోకి ఎక్కించారు. భోజనం చేసి పొమ్మంటే నల్లమ్మ బస్సుకు టైమవుతుందంది. ఆటో వీధి మలుపు తిరిగేదాకా పద్మప్రియ గేటు పట్టుకొని నిలబడింది.

మధ్యాహ్నం భరత్ ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పింది, తుడిచిన సంగతి తప్ప. బొమ్మ పోయిందనగానే కేకలు వేయబోయి, పేరు లేకుండా పోయిందని వినగానే ఆగాడు.

"అట్లనా? పేరు ఎక్కడా రాదు గదా?"

"రాదు."

"శభాష్! ఆ పిల్లకూ న్యాయం చేసినట్లాయె, మనకూ ఏం రాల్యా. నీకు తెలివుందే పద్మా. మా నాయనుంటే మెచ్చుకుండును."

ఫోన్ పెట్టేసి ఆమె వంటింట్లోకి వెళ్ళి ఊరికే కొళాయి తిప్పి కట్టేసింది. హాల్లోంచి బయమ్మ పిలుస్తోంది.

"పద్మా, ఓ పద్మా! ఆయన పేరు ఎందుకు వద్దంటివి? మంచి పనే చేసినాడు గదా ఆయన, ఇత్తనాలు కాపాడుకున్న్యాడు. దాంట్లో సిగ్గేముండాది?"

పద్మప్రియ గుమ్మం దాకా వచ్చింది. అత్తగారు నిజంగానే అడుగుతోంది. ఆ ముసలి మొహంలో సిగ్గు లేదు, దాచాలన్న ఆలోచన కూడా లేదు. సిగ్గు తెలిసి దాచినది తనొక్కతే.

"చెప్పవే," అంది బయమ్మ.

పద్మప్రియ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళి, అత్తగారికి మజ్జిగ చిలకసాగింది.